లాల్‌బాగ్‌ని ఒక్క పొద్దులో తనివితీరా చూడాలంటే ఎలా?

ఊరి నుంచి అమ్మానాన్న బెంగళూరు వస్తే చాలామంది చేసేది ఒకటే, పదకొండింటికి తీరిగ్గా బయల్దేరి, గ్లాస్ హౌస్ ముందు నిలబెట్టి రెండు ఫొటోలు తీసి ఇంటికి తెచ్చేయడం. హిందూపురం నుంచి వచ్చిన మావాళ్ళని మొదటిసారి నేనూ అలాగే తిప్పాను, ఇప్పటికీ బాధే. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టి, టిప్పు సుల్తాన్ దూరదేశాల మొక్కలు తెప్పించి పెంచిన తోట అది, 240 ఎకరాలు. ఎండెక్కాక పెద్దవాళ్ళ వల్ల కాదు.

కాబట్టి తెల్లవారి ఆరింటికల్లా గేటు దగ్గరుండండి. నీళ్ళు స్టీలు సీసాలో తెచ్చుకోండి, ప్లాస్టిక్ వద్దు. కారులో వస్తే తూర్పు గేటు మేలు, అక్కడ పార్కింగ్ ఉంది.

లోపలికి రాగానే ముందు బండ ఎక్కండి. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. దగ్గరగా వంగి చూస్తే నలుపు తెలుపు చారలు అలల్లా మెలితిరిగి కనిపిస్తాయి. మా నాన్న అరచేయి ఆనించి "మన ఊరి గుట్ట మాదిరే ఉందిరా" అన్నారు, చాలాసేపు అక్కడే కూర్చున్నారు. పైనున్న చిన్న గోపురం కెంపేగౌడ వంశం నగరానికి నాలుగు దిక్కులా కట్టించినవాటిలో ఒకటి. వాన పడి తడిగా ఉంటే మాత్రం పెద్దవాళ్ళని ఎక్కించకండి, జారుతుంది.

దిగాక గ్లాస్ హౌస్‌కి నడవండి. దారి తెలియకపోతే "గాజిన మనె ఎల్లి?" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని చూసి కట్టిన దీనికి 1889లో పునాది వేశారు. జనవరిలో, ఆగస్టులో ఫ్లవర్ షో జరిగేది ఇక్కడే. పూల అలంకారాలు కావాలంటే అప్పుడు రండి, చెట్లు చూడాలంటే ఆ రోజులు తప్ప ఎప్పుడైనా రండి, ఆ రద్దీలో చెట్టు కింద నిలబడే చోటు కూడా దొరకదు.

నా మటుకు నాకు లాల్‌బాగ్ అంటే చెట్లే. గోడల్లా లేచిన వేళ్ళతో ఉన్న ఆ పెద్ద బూరుగ చెట్టు దగ్గర కనీసం పది నిమిషాలు ఆగండి. నాగమల్లి చెట్టు కనిపిస్తే తలెత్తకండి, పూలు మానుకే పూస్తాయి, రాలినవి ఏరి అమ్మ చేతిలో పెట్టండి, లోపల పడగ కింద లింగంలా ఉంటుంది. 1908లో ఇక్కడికి వచ్చిన జర్మన్ తోటశాస్త్రజ్ఞుడు క్రుంబిగెల్ ఒక చెట్టు పూత అయ్యేసరికి ఇంకోటి పూసేలా ఈ ఊరి వీధుల్లో చెట్లు నాటించాడు. అందుకే ఏ నెలలో వచ్చినా ఏదో ఒకటి పూసే ఉంటుంది.

చివర్లో చెరువు గట్టున కూర్చోండి. లేచాక పడమటి గేటు నుంచి బయటికొస్తే లాల్‌బాగ్ మెట్రో స్టేషన్ దగ్గరే.