నర్సరీ పిల్లల పుట్టినరోజుకు బహుమతి ఎలా ఎంచుకోవాలి?

ఆరింటికి కేక్ కటింగ్. ఐదున్నరకి మనం బొమ్మల షాపులో. "బాబా, పాపా? ఎంతలో చూపించమంటారు?" అంటాడు షాపతను. ఆ రెండు ముక్కలతో తేల్చేసిన బహుమతులు చాలావరకు అటకెక్కుతాయి. మా అమ్మాయి మూడో పుట్టినరోజుకు నాలుగు కిచెన్ సెట్లు వచ్చాయి, నాలుగూ గులాబీ రంగువే. ఒకదాని సీలు ఇప్పటికీ విప్పలేదు.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు కొనేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇది.

1. రెండు రోజుల ముందే తల్లికి ఫోన్ చేయండి

"ఏం తెమ్మంటావు?" అని మాత్రం అడక్కండి. "అయ్యో, ఏమీ వద్దు వదినా, మీరొస్తే చాలు" అంటుంది. "ఈమధ్య వాడు దేంతో ఎక్కువ ఆడుతున్నాడు?" అనడగండి. "పొద్దస్తమానం కుళాయి దగ్గరే వదినా! గ్లాసులో నీళ్లు పట్టడం, ఒంపడం, మళ్లీ పట్టడం" అందనుకోండి, ఏం కొనాలో తేలిపోయినట్టే. ఒక బుల్లి బకెట్, ఒక గరాటు, రెండు మూడు సైజుల మగ్గులు. స్టీలు సామాన్ల కొట్లో దొరికినా సరే, వాడికి అది బొమ్మే.

ఇంట్లో పాకే తమ్ముడో చెల్లో ఉన్నారేమో కూడా కనుక్కోండి. ఉంటే, మీరు కొనే బొమ్మ ఆ చిన్నదాని నోట్లోకీ వెళ్తుందనే లెక్క.

2. వయసుకి తగినది చూడండి

మూడేళ్ల వాళ్లకు పేర్చడం, కూల్చడం, తోయడం ఇష్టం. పెద్ద దిమ్మలు, లావు క్రేయాన్లు, తాడు కట్టి లాగే బండి బాగుంటాయి. నాలుగేళ్లకి నటన మొదలవుతుంది. డాక్టరమ్మ, కిరాణా కొట్టు, బస్సు కండక్టరు ఆటలకు పనికొచ్చేవేవైనా పర్వాలేదు. ఐదేళ్లకి వంతులు అర్థమవుతాయి కాబట్టి వైకుంఠపాళి, సులువైన పజిల్ ఇవ్వొచ్చు. ఓడిపోతే ఏడుస్తారు, అది వేరే సంగతి.

డబ్బా మీద వృత్తంలో పసిపాప ముఖం, 0-3 అంకె, వాటి మీద అడ్డగీత ఉంటే అది మూడేళ్ల లోపు వాళ్లకు పనికిరాదని అర్థం. "మావాడు తెలివైనవాడండీ" అంటే కుదరదు. అది తెలివి గురించి కాదు, గొంతులో ఇరుక్కునే ముక్కల గురించి.

3. షాపులోనే పరీక్షించండి

ఇక్కడ తొందరపడకండి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. రిజిస్టరైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ముందు ఆ మార్కు వెతకండి.

తర్వాత విడిభాగాలు చూడండి. చిన్న ముక్కల్ని పరీక్షించడానికి తయారీదారులు వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే ముక్క గొంతులో ఇరుక్కోవచ్చని లెక్క. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. అంటే బిళ్ళ కంటే కాస్త పెద్ద ముక్క కూడా ప్రమాదమే. కళ్లు, చక్రాలు, గుండీలు గట్టిగా లాగి చూడండి. షాపతను మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి. మా ఇంట్లో పాటలు పాడే కప్ప ఒకటి ఉండేది. ఓ రోజు మంచం మీంచి కింద పడి మూత ఊడింది. గుండ్రటి బటన్ సెల్ నేల మీద దొర్లుకుంటూ మా అమ్మాయి కాళ్ల దగ్గర ఆగింది. దాన్ని చేతికి తీసుకునేదాకా నాకు ఊపిరాడలేదు. బటన్ సెల్ మింగి అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. చిన్న చిన్న అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ వయసుకి ఈ రెండూ నేను ముట్టుకోను.

మోగే బొమ్మైతే చెవి దగ్గర పెట్టుకుని చూడండి. మీ చెవి గింగుర్లెత్తితే వదిలేయండి. వాళ్లమ్మ మిమ్మల్ని తిట్టుకోకుండా కూడా ఉంటుంది.

4. మన బొమ్మల్ని కూడా చూడండి, కానీ తేడా తెలుసుకుని

ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. లేతు మీద కర్ర తిరుగుతుండగా లక్కరంగు ఒత్తితే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది. అంచులు నున్నగా, చేతికి హాయిగా ఉంటాయి. బొంగరాలు, బండ్లు, లక్కపిడతలు దొరుకుతాయి. లక్కపిడతల్లో మరీ చిన్నవి ఉంటే మాత్రం నాలుగేళ్లు దాటిన వాళ్లకే ఇవ్వండి.

కొండపల్లి బొమ్మ సంగతి వేరు. తేలికైన తెల్ల పొణికి కర్ర, చింతగింజల జిగురుతో అతికించిన చేతులూ తలలూ. బొమ్మల కొలువులో దాని అందమే అందం. మూడేళ్ల పిల్లాడి చేతికిస్తే సాయంత్రానికి ఏనుగుకి తొండం ఉండదు.

5. పుస్తకమైతే అట్ట పేజీలది

చింపలేనంత మందం ఉండాలి, పేజీకి ఒకటి రెండు వాక్యాలకి మించకూడదు. అమెరికాలోనో దుబాయ్‌లోనో పెరిగే పిల్లలకు తెలుగు బొమ్మల పుస్తకం ఇస్తే తాతయ్య వీడియో కాల్‌లో చదివి వినిపించొచ్చు.

6. బట్టలు, డబ్బులు

బట్టలైతే ఒక సైజు పెద్దవి తీసుకోండి. కవర్లో నూటపదహార్లు పెట్టడం మన అలవాటే, తప్పేం లేదు. కానీ బిడ్డ చేతికి ఏమీ అందదు. పక్కన ఓ రంగుల బంతైనా పెట్టండి.

7. ప్యాకింగ్

బ్రౌన్ టేపు చుట్టూ తిప్పకండి. పిల్ల తన చేతులతో చింపుకోవాలి, సగం సరదా అక్కడే. బొమ్మకి మామూలు పెన్సిల్ సెల్స్ అవసరమైతే కొనివ్వండి, లేకపోతే ఆ రాత్రి పదింటికి వాళ్ల నాన్న సెల్స్ కోసం కొట్లన్నీ తిరగాలి. బిల్లు ఒక చిన్న కవర్లో పెట్టి, మార్చుకోవచ్చని చెప్పి తల్లికి ఇచ్చేయండి. డబ్బా అడుగున మీ పేరు పెన్నుతో రాయండి. పైన అంటించిన స్టిక్కరు కాగితంతో పాటే చెత్తబుట్టలోకి పోతుంది.