ఒంటికి పని చెబుదాం – 3వ పాఠం: కేలరీల లెక్క మనమే వేసుకుందాం

పోయిన వారం ఇచ్చిన పని చేశారు కదా? లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఎక్కడెక్కడ ఎంతసేపు కూర్చున్నారో రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఇవాళ దాంతోనే పని.

ఊరికే కూర్చున్నప్పుడు మన ఒళ్లు కిలో బరువుకి గంటకి సుమారు 1 కేలరీ ఖర్చు చేస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద కిలో కేలరీ అని రాసేది దీన్నే. ఈ ఖర్చుని 1 ఎంఈటీ అంటారు. మిగతా పనులన్నిటినీ దీంతో పోల్చి చూస్తారు. గదిలో మెల్లగా అటూ ఇటూ తిరగడం సుమారు 2. గంటకి 4 కిలోమీటర్ల నింపాది నడక 3. ఇల్లు ఊడ్చడం, తడిగుడ్డ పెట్టడం కూడా 3 దాటతాయి. గంటకి 5.6 కిలోమీటర్ల చురుకైన నడక 4.3.

ఇప్పుడు సూత్రం: ఎంఈటీలోంచి 1 తీసేయండి, వచ్చినదాన్ని మీ బరువుతోనూ గంటలతోనూ గుణించండి. ఆ 1 తీసేయడం మాత్రం మర్చిపోవద్దు. కూర్చున్నా అది ఖర్చయ్యేదే, మన కష్టం కాదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే అంకెలో మామూలుగా ఈ కూర్చునే ఖర్చు కూడా కలిసే ఉంటుంది. అది చూసి ఇంకో రెండు పూరీలు వేసుకోకండి.

70 కిలోల మనిషిని తీసుకుందాం. అరగంట నింపాదిగా నడిస్తే 70 × 2 × 0.5, అంటే 70 కేలరీలు. అదే అరగంట చురుగ్గా నడిస్తే 115. ఇక రోజూ ఫోన్లో గంటసేపు మాట్లాడే అలవాటుంటే, సోఫాలోంచి లేచి హాల్లో తిరుగుతూ మాట్లాడితే చాలు: 70 × 1 × 1, మళ్లీ 70. అంటే పార్కులో అరగంట నింపాది నడకకి సమానం. బూట్లు వేసుకోనక్కర్లేదు, టైమ్ వెతుక్కోనక్కర్లేదు. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

మెట్ల సంగతి చాలామంది అడుగుతారు. నాలుగో అంతస్తుకి, అంటే సుమారు 12 మీటర్ల ఎత్తుకి, ఇదే మనిషి ఎక్కితే ఖర్చయ్యేది 10 కేలరీల లోపే. ఒక ఇడ్లీకి కూడా సరిపోదు. అయినా ఎక్కమనే చెబుతాను, గుండె కోసం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి, సీటు కదలని డ్రైవర్ల కంటే గుండెజబ్బు తక్కువగా వస్తోందని పరిశోధకుడు జెర్రీ మారిస్ బృందం 1953లోనే ప్రచురించింది. ఎక్కేటప్పుడు పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి, మునివేళ్ల మీద కాదు. మడమతో నేలని తొక్కి పైకి లేస్తే పని పిరుదుల కండరాలకి పడుతుంది, మోకాలికి కాస్త ఊరట. మోకాళ్ల నొప్పులుంటే దిగేటప్పుడు లిఫ్ట్ వాడండి. ఆయాసంతో పాటు ఛాతీ బరువెక్కితే అక్కడే ఆగి డాక్టర్ని కలవాలి.

ఇంత చిన్న చిన్న కదలికలు లెక్కలోకి వస్తాయా అని అనుమానం రావచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ బృందం 16 మందికి 8 వారాల పాటు రోజూ 1,000 కేలరీలు ఎక్కువ తినిపించింది. 1999లో వచ్చిన ఫలితాల్లో ఒకరికి అరకిలో కొవ్వు కూడా పెరగలేదు, ఇంకొకరికి 4 కిలోలు దాటింది. వాళ్లు అదనంగా వ్యాయామమేమీ చేయలేదు. తేడా ఎక్కువగా వచ్చింది లేవడం, తిరగడం, కుదురుగా ఉండకపోవడం లాంటి రోజువారీ కదలికల్లోనే.

ఈ వారం పని: మీ కాగితంలో కూర్చున్న గంటల్లోంచి లేచి చేయగలిగే వాటి కింద గీత గీయండి. ఫోన్లు, పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపి ఎదురుచూసే సమయం, సీరియల్ మధ్యలో వచ్చే యాడ్స్. ఒక్కోదానికీ మీ బరువుతో లెక్క కట్టి, ఎక్కువ అంకె వచ్చిన రెండింటిని రేపటి నుంచే మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి వద్దు.

వచ్చే పాఠంలో నడక వేగం. వాచీ లేకుండా, మాట్లాడగలుగుతున్నామా పాడగలుగుతున్నామా అన్నదాన్ని బట్టి వేగం ఎలా పట్టుకోవాలో చూద్దాం.