చీలమండలో ఒకటి కాదు, రెండు కీళ్లు: మీ చేత్తోనే చూసుకోండి

ఫిజియోథెరపీ కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చీలమండ మీద చెయ్యి పెట్టి "ఇక్కడ పట్టేసిందండీ" అంటారు. అక్కడున్నవి ఒకదాని కింద ఒకటి రెండు కీళ్లు. ఏది పట్టేసిందో తెలియకుండా ఎంత వ్యాయామం చేసినా కష్టం వృథా.

ముందే ఒక మాట. కాలు ఇప్పుడే బెణికి నాలుగడుగులు వేయలేకపోతున్నా, చీలమండ బుడిపెల వెనక అంచు నొక్కితే ఎముక మీదే నొప్పి ఉన్నా ఇవేవీ చేయొద్దు. వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. అన్నీ అక్కర్లేదు, మూడు చాలు.

మొదటిది పై కీలు. పాదం పైకి లేవడం, కిందికి చాచడం దీని పని. పైకి సుమారు 20 డిగ్రీలు, కిందికి 50 దాకా. గోడకు ఎదురుగా నిలబడి, బొటనవేలికీ గోడకూ మధ్య 10 సెంటీమీటర్లు వదలండి. మడమ లేవకుండా మోకాలు గోడకు తగలాలి. రెండు కాళ్లకీ చూడండి, తేడా ఉంటే తక్కువ వంగేదే బిగిసిన కాలు. గొంతుక్కూర్చున్నప్పుడు మడమలు లేచిపోయేవాళ్లలో చాలామందికి ఇబ్బంది ఇక్కడే. ఈ కీలులో ఇమిడిన ఎముక ముందు వెడల్పు, వెనక సన్నం. పాదం పైకెత్తితే బుడిపెల మధ్య బిగిసి కూర్చుంటుంది, మునివేళ్ల మీద నిలబడితే వదులవుతుంది. మెట్లు దిగేటప్పుడు కాలు మడత పడటానికి ఇదీ ఒక కారణం.

రెండోది దాని కిందే, మడమ ఎముకకు పైన. కూర్చుని, కాలు రెండో మోకాలి మీద వేసుకోండి. పాదాన్ని పైకి వంచి ఉంచితే పై కీలు బిగిసి అడ్డు రాదు. ఒక చేత్తో చీలమండ పైభాగం కదలకుండా పట్టుకోండి, రెండో చేతి గుప్పిట్లో మడమ పట్టి లోపలికీ బయటికీ ఊపండి. లోపలికి ఎక్కువ, బయటికి తక్కువ కదలడం సహజం.

నాట్లప్పుడు గట్టు మీద జారి కాలు బెణికిన పెద్దమ్మ ఒకరు వచ్చారు. మూడు నెలలు పాదం గుండ్రంగా తిప్పే వ్యాయామం చేశారట. ఇంట్లో బాగానే నడిచేవారు, గట్టెక్కాలంటే మాత్రం భయం. మడమ పట్టుకుంటే రాయిలా ఉంది. ఆవిడ పాదం తిప్పినప్పుడల్లా పై కీలూ వేళ్లూ తిరిగాయి, మడమ మాత్రం కదల్లేదు. గచ్చు మీద అది తెలియదు. గట్టు వాలుగా ఉంటుంది, దానికి తగ్గట్టు మడమ ఒరగాలి. పొద్దునా రాత్రీ 20 సార్లు మడమ ఊపించాను. నెలన్నరకి వచ్చి "అమ్మాయ్, కాలు దానంతటదే నేల చూసుకుంటోందే" అన్నారు.

మూడోది బొటనవేలి మొదలు. మీరు బరువంతా వేసి నిలబడండి, ఇంట్లో ఎవరినైనా మీ బొటనవేలు పైకెత్తమనండి. పాదం లోపలి వంపు మీ కళ్లముందే లేస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాల్లో ఒక గట్టి పట్టీ ఉంది. వేలు లేవగానే, గిలక మీద చేంతాడు లాగినట్టు అది బిగుస్తుంది. అడుగు తీసేటప్పుడు పాదం గట్టిపడి ముందుకు తోసేది ఆ బిగువుతోనే. వేలు లేవకపోతే మనిషికి తెలియకుండానే బరువు చిటికెనవేలి వైపు పోతుంది. ఓసారి మీ పాత చెప్పులు తిరగేసి, ముందుభాగంలో బయటి అంచు ఎంత అరిగిందో చూడండి.