టీమ్‌లో ఎవరు దేనికి కదులుతారో కనిపెట్టడం ఎలా

ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు సూపర్‌వైజరైనా, కర్నూలులో షోరూం మేనేజరైనా, పదిమందితో పని చేయించేవాళ్లు ముందు ఒకటి మానేయాలి: "నీకేం కావాలి?" అని మొహం మీద అడగడం. అట్లా అడిగితే ఎవరైనా "జీతం పెంచండి సార్" అంటారు. అది అబద్ధం కాదు, కానీ మాట అక్కడితో ఆగిపోతుంది.

ఇట్లా అడిగి చూడండి: "ఈ నెలలో ఏ రోజు పని బాగా కుదిరింది? ఏ రోజు చిరాగ్గా ఇంటికి పోయినావు?" క్యాబిన్‌లోకి పిలిచి మాత్రం అడగొద్దు, ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ పడతారు. టీ కొట్టు దగ్గర అడగండి. హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు దాదాపు 200 మంది ఇంజనీర్లని, అకౌంటెంట్లని ఇట్లాంటి ప్రశ్నలే అడిగి 1959లో ఫలితాలు ప్రచురించాడు. జీతం, పైవాళ్ల తీరు, పనిచేసే చోటు బాగాలేకపోతే మనిషి విసిగిపోతాడు, అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు, అది పని సాధించిన తృప్తితో, గుర్తింపుతో, బాధ్యతతో వస్తుందని ఆయన తేల్చింది. ఈ విభజనని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నా మటుకు ఆ ప్రశ్నలు చాలు. అయితే జీతాలు టైముకి పడుతున్నాయా, దూది దుమ్ములో ఉండేవాళ్లకి మాస్కులు ఇచ్చారా అన్నది ముందు చూసుకోండి. అవి లేకుండా శాలువా కప్పితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

తర్వాత చేతలు గమనించండి, అసలు విషయం అక్కడే తెలుస్తుంది. సీజన్‌లో రోలర్ శబ్దం కాస్త మారగానే ఎవరూ పిలవకపోయినా లేచొచ్చే ఫిట్టర్ ఒకాయన దాదాపు ప్రతి మిల్లులో ఉంటాడు. చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేసి, మెషీన్ ఆపించి, కత్తి రోలర్‌కి ఎట్లా ఆనుతోందో వంగి చూస్తాడు. ఆయన చేతిలో ఐదొందలు పెడితే తీసుకుంటాడు గానీ మొహంలో ఏ మార్పూ ఉండదు. అదే కొత్త రోలర్లు కొనేముందు "అన్నా, ఏ రకం తెద్దాం?" అని అడిగి, ఆయన చెప్పిందే తెప్పించి చూడండి.

పత్తిలో చెత్త ఏరే అక్క సాయంత్రం ఐదు కాగానే గేటు వైపు చూస్తోందంటే బద్ధకం అనుకోకండి, ఊరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. షిఫ్ట్ అరగంట ముందుకి జరిపితే ఆమెకి అదే పెద్ద బోనస్. కాటా దగ్గరి డిగ్రీ కుర్రాడు తేమ శాతాలు ఊరికే రాసుకుంటున్నాడంటే నేర్చుకోవాలని ఉందన్నమాట, క్వాలిటీ చూసేవాళ్ల పక్కన కొన్నాళ్లు నిలబెట్టండి. అప్పు తీర్చుకోవాలని ఓటీ (ఓవర్‌టైం) అడిగేవాడికి ఓటీయే ఇవ్వండి, డబ్బు కోసం పనిచేసేవాణ్ణి తక్కువగా చూడడం అన్యాయం. పొగడ్త కూడా అంతే, నలుగురిలో పొగిడితే పొంగిపోయేవాళ్లుంటారు, సిగ్గుతో చచ్చిపోయేవాళ్లూ ఉంటారు.

ఒక నోట్‌బుక్కులో మనిషికి రెండు లైన్లు రాసుకోండి. ఒక్కొక్కరి విషయంలో ఒక్కటే మార్చి, రెండు వారాలు చూడండి. ఓనర్ ఒప్పుకోనిదేదీ మాటివ్వొద్దు. ఇంట్లో పెళ్లి కుదిరినా, పిల్లలు కాలేజీకొచ్చినా మనిషి అవసరం మారిపోతుంది, అందుకని సీజన్ తగ్గాక అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, పాత లైన్లు కొట్టేసి కొత్తవి రాసుకోండి.