బొగ్గుల కుంపటి మరమ్మతు: ఊచలు మార్చడం, లోపలి మట్టి పూత వేయడం

గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లోనూ పెరటి వసారాలో బొగ్గుల కుంపటి ఒకటి ఉంచుకోవడం మంచిదే. వరద నీటికి పులస ఎదురెక్కే రోజుల్లో మట్టి దాకలోని పులుసుకు కావలసిన సన్నసెగ కుంపటి మీద వచ్చినంత నిలకడగా మరెక్కడా రాదు. బకెట్టులాంటి రేకు తొడుగు, దాని లోపల మట్టి పూత, నడుమ బొగ్గులు నిలిచే ఇనుప ఊచలు, అడుగున బూడిద తీసే కంత, పైన గిన్నె ఆనే మూడు గుబ్బలు: కుంపటి అంటే ఇంతే. వీటిలో ముందుగా పాడయ్యేవి ఊచలు. వాటిని పాడుచేసేది నిప్పు కన్నా ఎక్కువగా, తీయకుండా వదిలేసిన బూడిద.

కంతలోంచి లోపలికి వచ్చే గాలి బొగ్గును రగిలించడమే కాక, దారిలో ఊచల అడుగు భాగాన్ని చల్లబరుస్తూ పోతుంది. బూడిద పేరుకుని ఊచలను తాకితే ఆ గాలి ఆగిపోతుంది; పైన నిప్పు, కింద వేడి బూడిద నడుమ చిక్కిన ఊచ ఎర్రగా కాలి, మెత్తబడి, బొగ్గుల బరువుకు నడుము వంగిపోతుంది. వానాకాలంలో మరో కీడు కూడా ఉంది. బూడిద గాలిలోని చెమ్మను పీల్చి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే అంతర్వేది వైపు ఇళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. అందువల్ల వంట అయ్యాక, కుంపటి పూర్తిగా చల్లారిన తరువాత, ప్రతిసారీ బూడిద తీసివేయాలి. బూడిదలో దాగిన నిప్పు మర్నాటి దాకా బతికి ఉండగలదు గనుక, దానిని తాటాకుల దగ్గర గాని కొబ్బరి మట్టల కుప్ప పక్కన గాని పోయకూడదు.

ఊచలు నడుమ వేలెడు కిందికి వంగినా, పొరలు పొరలుగా రాలుతున్నా మార్చవలసిందే. ఇంటి స్లాబుకు వాడగా మిగిలిన 10 మిల్లీమీటర్ల కడ్డీ ఇందుకు సరిపోతుంది. జింకు పూత ఉన్న కడ్డీలను, జాలీలను మాత్రం వాడవద్దు. జింకు 420 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నిప్పుల వేడికి దాని నుంచి వచ్చే పొగ ఊపిరికి హాని చేస్తుంది. కడ్డీని కోసేటప్పుడు కొలత సరిగ్గా బిగుతుగా ఉండాలని ఆశపడేవారు పొరపాటు చేస్తున్నట్టే. 25 సెంటీమీటర్ల ఊచ ఎర్రగా కాలితే సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది, ఆ సాగుదలకు చోటు లేకపోతే అది మట్టి గోడను తన్ని పగలగొడుతుంది. కాబట్టి అర సెంటీమీటరు తక్కువగా కోసి, మట్టిలో పాతిపెట్టకుండా, గోడలో చేసిన గట్టు మీద వదులుగా ఆనించాలి. ఇలా పెడితే ఈసారి మార్చడానికి గోడ తవ్వవలసిన పని కూడా ఉండదు.

డెల్టాలో మట్టికి కొదవ లేదు గాని, ఏ మట్టి పడితే ఆ మట్టి పూతకు పనికిరాదు. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే నల్లరేగడిని ఒక్కదాన్నే వాడితే, పూత ఎండాకాలపు చేనులా నెర్రెలిస్తుంది. నేను కాలవగట్టు ఒండ్రుమట్టి మూడు పాళ్లు, గోదావరి ఇసుక ఒక పాలు, మిల్లు నుంచి తెచ్చిన వరి ఊక ఒక పాలు కలిపి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కాళ్లతో తొక్కుతాను. నిమ్మకాయంత ఉండ చేసి అరచేతిలో నొక్కినప్పుడు అంచులు చిట్లకుండా, వేళ్లకు అంటుకోకుండా ఉంటే పదును కుదిరినట్టు. ఊక ఆరేటప్పుడు మట్టిని పట్టి ఉంచుతుంది. తరువాత కాలిపోయి, దాని చోట సన్నని గుల్లలు మిగలడం వల్ల వేడి రేకు దాకా అంతగా పాకదు.

కొత్త పూతకు ముందు, వదులైన పాత మట్టిని గరిటె అంచుతో గీకి, మిగిలినదాన్ని నీళ్లతో బాగా తడపాలి. పొడిగా ఉన్న పాత మట్టి కొత్త పూతలోని నీటిని తాగేస్తే, ఆ పూత పెచ్చులుగా ఊడిపోతుంది. రెండు వేళ్ల మందాన అద్ది, కొబ్బరి చిప్ప వీపుతో నునుపు చేసి, ఎండలో కాక నీడలో కనీసం ఐదు రోజులు, ముసురు పట్టిన రోజులైతే అంతకు రెట్టింపు, ఆరనివ్వాలి. తొందరపడి సిమెంటు పూయవద్దు, అది నిప్పుల వేడికి పట్టు కోల్పోయి పగులుతుంది. మొదటిసారి గుప్పెడు బొగ్గులతోనే రగిలించి, చెమ్మ పూర్తిగా పోయాక నిండుగా వేయాలి.

రేకు తొడుగుకు చిల్లి పడితే వెల్డింగు షాపులో ముక్క వేయించవచ్చు. మోసే కమ్మి కొక్కెం అరిగితే మాత్రం ఆ రోజే మార్చాలి.

మరమ్మతు ఎంత బాగా చేసినా, బొగ్గు నుంచి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు వస్తూనే ఉంటుంది. కోనసీమ మీద విరుచుకుపడిన 1996 నవంబరు తుపాను రోజుల్లో, పొయ్యి కట్టెలు తడిసిపోయి మా ఇంట్లో కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూశారు. పాలు కాగేలోగా మా అమ్మ తల పట్టుకుని గోడకు ఆనుకుంది, తలుపు తీసి అరుగు మీద కూర్చోబెట్టాక గాని తేరుకోలేదు. వానైనా చలైనా కుంపటి వసారాలోనే ఉండాలి. దాని దగ్గర ఎవరికైనా తల బరువెక్కినా, వికారంగా ఉన్నా, ముందు మనిషిని ఆరుబయటికి తీసుకువెళ్లి, వెంటనే వైద్యుడికి చూపించాలి.