షిన్ స్ప్లింట్స్ నుంచి కోలుకుంటూ తొలి హాఫ్ మారథాన్‌కు ఎలా సిద్ధం కావాలి?

కొత్తగా పరుగు మొదలుపెట్టిన వారిని ఎక్కువగా వేధించే నొప్పుల్లో షిన్ స్ప్లింట్స్ ఒకటి. మోకాలికీ చీలమండకూ మధ్య, కాలి ముందరి ఎముక లోపలి అంచు వెంబడి వస్తుంది. చాలావరకు దీనికి కారణం తొందరే. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి, ఎముకకు నెలలు కావాలి. పైగా ఒత్తిడి పడిన ఎముక ముందు తనలోని పాత భాగాన్ని తొలగించుకుని, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఆ మధ్యకాలంలో అది మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనం ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేస్తాం. అందుకే 21.1 కిలోమీటర్ల తొలి పరుగు ఎప్పుడన్నది కాలే నిర్ణయించాలి. రుసుము కట్టేశామన్న కారణంతో కాలిని తొందరపెట్టడం అన్యాయం.

1. ముందు అది ఏ నొప్పో తేల్చుకోండి

కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలిపై వేసుకోండి. బొటనవేలితో ఎముక లోపలి అంచును చీలమండ నుంచి పైకి మెల్లగా నొక్కుకుంటూ వెళ్లండి. ఐదు సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవునా నొప్పి పరుచుకుని ఉంటే షిన్ స్ప్లింట్స్ అయ్యే అవకాశం ఎక్కువ. అలా కాక వేలి కొన పట్టేంత చోటే విపరీతంగా నొప్పి పుట్టినా, రాత్రి పడుకున్నప్పుడు సలుపుతున్నా, నడకలోనే కుంటుతున్నా ఎముకలో సన్నని పగులు ఏర్పడి ఉండవచ్చు. పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. ఇలాంటి పగులు తొలి వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా, ఎంఆర్ఐ అవసరమేమో అడగండి. పగులు అని తేలితే కింది అంచెలన్నీ డాక్టరు సరేనన్నాకే.

2. పరుగు ఆపండి, శ్రమ ఆపవద్దు

నొప్పి తగ్గేదాకా సైకిలు తొక్కడం, ఈత కొట్టడం, లోతైన నీటిలో పరుగెత్తడం వంటివి వారానికి మూడు నాలుగు సార్లు చేస్తే గుండె దారుఢ్యం పెద్దగా తగ్గదు.

ఈ వారాల్లో అసలు పని పిక్కలది. మెట్టు అంచుపై పాదం ముందు భాగం మాత్రమే ఆనించి, గోడ పట్టుకుని మునివేళ్లపై లేవండి. రెండు అంకెలు లెక్కపెడుతూ పైకి, మూడు అంకెలు లెక్కపెడుతూ కిందికి. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కాస్త వంచి కొన్ని చేయాలి. మోకాలు వంచినప్పుడు లోపలి సోలియస్ కండరంపై బరువు పడుతుంది. పరుగులో పిక్క మోసే భారంలో పెద్ద వాటా దానిదే. 15 చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు చాలు. రెండు కాళ్లతో సులువయ్యాక ఒంటికాలికి మారండి. తుంటి, తొడల కోసం గుంజీళ్లు కూడా కలపండి. ఈ వ్యాయామాన్ని నొప్పి పోగానే మానేస్తారు చాలామంది. దీన్ని పోటీ దాకా, ఆ తర్వాత కూడా కొనసాగించాలి.

3. పరుగుకు తిరిగి వచ్చే ముందు పరీక్ష

ఎముకను నొక్కితే నొప్పి ఉండకూడదు. అరగంట వేగంగా నడిచినా, ఒంటికాలితో 20 సార్లు మునివేళ్లపై లేచినా, అదే కాలిపై పది గెంతులు వేసినా నొప్పి రాకూడదు. వీటిలో ఏది తప్పినా ఇంకో వారం ఆగండి.

4. నడక మధ్యలో పరుగు

ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు. వారానికి మూడు రోజులే, వరుసగా రెండు రోజులు వద్దు. క్రమంగా నడక తగ్గించుకుంటూ ఆరు వారాల్లో అరగంట ఏకధాటి పరుగుకు చేరుకోవచ్చు.

నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. రెండు దాకా ఉండి, మర్నాటికి పోతే ఫరవాలేదు. మర్నాడు మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో నొప్పి తెలిస్తే, నిన్నటి పరుగు మోతాదు మించిందని అర్థం. ఒక అంచె వెనక్కి వెళ్లండి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తవద్దు. ఆగమని చెప్పే సంకేతాన్ని అది కప్పేస్తుంది. ఎండలో చెమటోడ్చే వేళ డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి మూత్రపిండాలకూ చేటు.

5. దూరం పెంచడం

ఇక్కడి నుంచి 16 వారాలు పెట్టుకోండి. వారంలో రెండు చిన్న పరుగులు, ఒక పొడవైన పరుగు. పొడవైనది 6 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి ఒక కిలోమీటరు చొప్పున పెంచి, ప్రతి నాలుగో వారం తగ్గించాలి. 14వ వారానికి 16 కిలోమీటర్లు వస్తే సరిపోతుంది. చివరి రెండు వారాలు దూరం తగ్గించి కాళ్లకు విశ్రాంతినివ్వాలి. తొలి పోటీకి వేగం సాధన అక్కర్లేదు.

అంటే కోలుకున్నాక కూడా ఐదు నెలలు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు మార్చిలోనే మొదలుపెట్టి, నడివేసవిలో తెల్లవారకముందే పరుగెత్తాలి. ఆ దారిలో ఫ్లైఓవర్లు ఉన్నాయి. దిగుడు పరుగు ఈ ఎముకకు కష్టం కాబట్టి సాధనలోనే మెల్లగా అలవాటు చేసుకోవాలి. ఏప్రిల్‌లో ఇంకా నొప్పి ఉంటే ఆగస్టు ఆశ వదులుకుని, జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్ లాంటిది చూసుకోవడం మేలు.

6. అడుగు, బూటు, తిండి

పొడవైన అంగలు ఎముకను ఎక్కువ కుదుపుతాయి. నిమిషంలో కుడిపాదం ఎన్నిసార్లు నేలను తాకుతోందో లెక్కపెట్టండి. 78 అయితే, అదే వేగంలో 82కో 83కో పెంచితే అంగ దానంతటదే చిన్నదవుతుంది. బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చాలి.

బరువు తగ్గాలని కడుపు మాడ్చుకుంటూ పరుగెత్తే వారి ఎముకలు మానవు. రాగులు, పెరుగు, నువ్వులు, పప్పు, గుడ్డు సరిపడా తినండి, విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. సాధన పెరిగాక నెలసరి ఆగిపోతే మహిళలు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎముక పలచబడుతోందనడానికి అది హెచ్చరిక కావచ్చు.

7. పోటీ రోజు

మొదటి కిలోమీటరు నుంచే తొమ్మిది నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకగా సాగండి. నడవడం నిబంధనలకు విరుద్ధం కాదు, గడువు సమయం మాత్రం ముందే చూసుకోండి. నొప్పి వల్ల అడుగు తీరు మారినా, కుంటు మొదలైనా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో లెక్కపెట్టకుండా దగ్గర్లోని వైద్య శిబిరం వద్ద ఆగిపోండి. పూర్తి చేయగలిగితే ఆ తర్వాత వారమంతా నడక, సైకిలే. మళ్లీ మొదలుపెట్టేది 20 నిమిషాల తేలికపాటి పరుగుతో.