బొమ్మలోంచి బ్యాటరీ తీశాక (నా అనుభవం)

మా రెండేళ్ల పాపకి మీట నొక్కితే పాడే బొమ్మలే కావాలి. చెక్క దిమ్మెలు ముట్టేది కాదు, పాట ఆగితే ఏడుపు. దాచడం, బతిమాలడం, కొత్తవి కొనడం అన్నీ అయ్యాయి.

చివరికి పనిచేసింది ఇది. రాత్రి తను పడుకున్నాక బ్యాటరీలు తీసి, మూత స్క్రూ మళ్లీ బిగించాను (నాణెంలా ఉండే చిన్న బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది, వెంటనే అందకుండా పెట్టేయండి). పొద్దున బయట మూడే ఉంచాను: దిమ్మెలు, గిన్నె, మూగబోయిన బస్సు. రమ్మని పిలవకుండా నేనే నేల మీద కూర్చుని దిమ్మెలు పేర్చాను. రెండు రోజులు మీట నొక్కి నా మొహం చూసింది. మూడో రోజు దిమ్మెలు బస్సెక్కించి, "బుర్ర్" అని తనే హారన్ కొట్టింది!

బ్యాటరీ వల్లా, నేను పక్కన కూర్చోవడం వల్లా అన్నది కచ్చితంగా చెప్పలేను. నాలుగైదేళ్ల పిల్లలైతే ఈ మోసం ఇట్టే పట్టేస్తారేమో.